అమ్మకో పుస్తకాల పలక

సంక్రాంతికి మా అమ్మాయి హైదరాబాద్ నించి వస్తూ తన పుస్తకాల పలక కూడా తెచ్చుకుంది. ఈ-రీడర్ అంటారు దాన్ని. ఫోనూ కాదు, ట్యాబూ కాదు. తెర కాగితం రంగులో ఉంటుంది, వెలుగు కళ్ళలోకి కొట్టదు. కనుమ నాడు గారెలూ కోడికూరా తిని ఇంట్లో అందరూ తలో మూల కునుకు తీస్తుంటే ఇదొక్కతే వరండాలో కూర్చుని చదువుకుంటోంది. పక్కన పడక్కుర్చీలో మా అమ్మ.

అమ్మకి డెబ్బై ఏళ్ళు. నాన్న పోయాక ఏడాదిలో సగం రోజులు బందరులో నా దగ్గర, మిగతా సగం దివిసీమలో మా అన్నయ్య దగ్గర ఉంటుంది. రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్లు అయ్యాయి. అవి బాగానే అయ్యాయి గానీ కంటి వెనక పొరలో మచ్చ పడిందన్నారు. ఎదురుగా మనిషి ఉన్నట్టు తెలుస్తుంది, మొహం తెలియదు. పేపర్లో హెడ్డింగులు చదువుతుంది, కింద వార్త చదవలేదు. "విస్తట్లో వడ్డించి, వాసన చూపించి లేపేసినట్టుందే" అంటుంది.

"ఏం చదువుతున్నావే?" అంది అమ్మ. మా అమ్మాయి పలక తెచ్చి అమ్మమ్మ చేతిలో పెట్టింది. ఏదో ఇంగ్లీషు నవల. "కనపడట్లేదా? ఉండు" అని వేళ్ళతో నొక్కుతూ అక్షరాలు పెద్దవి చేసింది. ఇంకా పెద్దవి. ఇంకా. ఆఖరికి తెర మీద ఐదే వరసలు మిగిలాయి. అమ్మ మొహం కొంచెం పక్కకి తిప్పి, కంటి చివరి నించి చూస్తూ, పదో తరగతి ఇంగ్లీషంతా కూడగట్టుకుని ఒక్కో మాటా చదివింది. చదివింది! రెండేళ్ళ తర్వాత.

"ఇందులో మన పుస్తకాలేం ఉన్నాయే?" అంది.

మా అమ్మాయి నా వంక చూసింది. నేను దాని వంక చూశాను.

ఆ రాత్రే అనుకున్నాను, నేను చీటీ పాడుకున్న డబ్బుతో అమ్మకో పలక కొనాలని. మా ఆయన్నడిగితే, "అందరూ ఏది కొంటే అది కొను. రేపు పాడైనా బాగుచేసేవాడు దొరుకుతాడు" అన్నారు. ఫ్రిజ్జుకైనా మిక్సీకైనా ఆయన సూత్రం అదే, చాలాసార్లు నిజమే అవుతుంది కూడా. ఈసారి మాత్రం నాకు గుడివాడ అద్దె పుస్తకాల షాపులు గుర్తొచ్చాయి.

మా అమ్మ పుట్టిల్లు గుడివాడ. పెళ్ళయి నాగాయలంక దగ్గర పల్లెకి కాపరానికొచ్చేటప్పుడు ఒక ట్రంకు పెట్టె నిండా పుస్తకాలు తెచ్చుకుందట. కొన్న పుస్తకాలు కావు. వారపత్రికల్లో సీరియల్స్ వారం వారం చింపి, వరసగా పేర్చి, ఊళ్ళో బైండింగు ఆయన చేత కుట్టించుకున్నవి. మీలో కొంతమంది ఇళ్ళల్లో ఇప్పటికీ ఉండే ఉంటాయి, ఒక్కో పేజీ వెనక సబ్బుల ప్రకటనలతో సహా. 1977 నవంబరులో అమ్మ మా అన్నయ్య పురిటికి గుడివాడ వెళ్ళింది. 19న ఉప్పెనొచ్చింది. ఆ రాత్రి నాన్న రైసుమిల్లు డాబా ఎక్కి బతికారు. నాయనమ్మ బతకలేదు. ఇల్లే లేదు, ఇక పెట్టె సంగతెవరికి కావాలి? వేలమంది పోయిన చోట సీరియల్స్ పోయాయని ఏడిస్తే మనిషిలా చూస్తారా? అమ్మ ఆ పెట్టె మాట నాన్న దగ్గర ఒక్కసారి కూడా ఎత్తలేదట. నా పెళ్ళయ్యాక, అదీ ఏదో మాటల్లో, నాకు చెప్పింది.

అందుకే కాబోలు, నా చిన్నప్పుడు వేసవి సెలవులకి గుడివాడ వెళ్తే అమ్మ వంటింట్లో కనపడేది కాదు. అమ్మమ్మగారి వీధి చివర రెండు అద్దె షాపులుండేవి, ఎదురూ బొదురూ. ఒకాయన రోజుకి అర్ధరూపాయి తీసుకుంటే రెండో ఆయన నలభై పైసలన్నాడు. ఈయన కొత్త నవల వచ్చిన రోజే తెస్తే, ఆయన రెండు కాపీలు తెచ్చేవాడు. ఆ పోటీ నడిచినన్నాళ్ళూ అమ్మకి పండగ. పాత నవలలు, అనువాదాలు, ఎవరూ ముట్టుకోని కథల సంపుటాలు కూడా అడిగితే తెప్పించి పెట్టేవాళ్ళు.

ఒక ఏడు వెళ్ళేసరికి అర్ధరూపాయి షాపు తలుపులు మూసున్నాయి. "మీ డిపాజిట్లు ఎదురు షాపులో జమ చేశాను, అక్కడే తీసుకోండి" అని కాగితం అంటించి ఉంది. ఆ ఏడే మిగిలిన షాపులో అద్దె రూపాయైంది. మరుసటేడు పాత నవలలు కనపడలేదు. ఏవండీ అంటే, "అవి తిరగవమ్మా, అలమర్లో చోటు దండగ" అన్నాడాయన. ఆయన్ని నేను తప్పుపట్టను, అద్దె కట్టుకోవాలిగా. కానీ రెండు షాపులున్నప్పుడు అలమర్లో చోటు ఎక్కడినించి వచ్చిందో!

పలకల కథ చదువుతుంటే అచ్చం ఆ వీధే కనపడింది నాకు.

ముందు ఒక విచిత్రం చెప్పాలి. ఈ పలకలు ఎవరు చేసినా తెర మాత్రం దాదాపు అన్నిటికీ ఒక్క చోటి నించే వస్తుంది. ఇ-ఇంక్ అనే సంస్థ అది. 1997లో అమెరికాలో ఎమ్మైటీ వాళ్ళు మొదలుపెట్టారు, 2009లో తైవాన్ కంపెనీ కొనుక్కుంది. తెరలో కంటికి కనపడనంత చిన్న బుడగలుంటాయి, వాటిలో నల్ల పొడీ తెల్ల పొడీ. కరెంటు తగిలితే ఏదో ఒకటి పైకి తేలుతుంది, అదే అక్షరం. పేజీ తిప్పినప్పుడే కరెంటు కావాలి, అందుకే ఛార్జింగు వారాల తరబడి వస్తుంది. సోనీ అయినా, కిండిల్ అయినా, నూక్ అయినా, కోబో అయినా ఇదే తెర. గుడివాడ వైపు ఒకే మిల్లు బియ్యం నాలుగు పేర్ల సంచుల్లో అమ్మినట్టు! మరి బియ్యం ఒకటే అయితే ఒక సంచి ఎందుకు గెలిచింది?

ఈ తెరతో ముందుగా వచ్చింది సోనీ. 2004లో జపాన్లో లిబ్రియె అనే పలక తెచ్చింది. కానీ అందులోకి తీసుకున్న పుస్తకం 60 రోజులకి చెరిగిపోయేది. అద్దె షాపే అన్నమాట, అదీ ఇంటికి తీసుకెళ్ళాక ఆయనే వచ్చి లాక్కెళ్ళే షాపు. ఎవరు కొంటారు? తర్వాత అమెజాన్ వాళ్ళు మొదటి కిండిల్ తెచ్చారు. 2007 నవంబరు 19న. ఆ తేదీ చదివి ఒక్క క్షణం ఆగిపోయాను. ఉప్పెనకి సరిగ్గా ముప్ఫై ఏళ్ళు. వాళ్ళకేం తెలుస్తుంది లెండి.

399 డాలర్ల ఆ పలక ఐదున్నర గంటల్లో అమ్ముడైపోయిందట. 2009లో బార్న్స్ అండ్ నోబుల్ అనే పెద్ద పుస్తకాల షాపు వాళ్ళు నూక్ తెచ్చారు. 2010 జూన్లో ఒక రోజు వాళ్ళు 259 డాలర్ల నూక్ ని 199కి దించితే, అదే రోజు కిండిల్ 189 అయింది. అర్ధరూపాయి, నలభై పైసలు! 2012లో బెజోస్ తనే ఒప్పుకున్నాడు, పలకలు తయారీ ఖర్చుకే అమ్ముతున్నామని. లాభం పలక మీద కాదు, పలకలోకి కొనే పుస్తకాల మీద. కుంపటి చవగ్గా ఇచ్చి బొగ్గులు మా దగ్గరే కొనమన్నట్టు. సోనీకి పలక చేయడం వచ్చుగానీ పుస్తకాల కొట్టు నడపడం రాలేదు. 2014లో అమెరికాలో కొట్టు కట్టేసి ఖాతాదారుల్ని కోబోకి అప్పగించింది. కోబో కెనడాలో పుట్టింది, 2012 నించి జపాన్ రాకుటెన్ వాళ్ళది. ఇంగ్లీషులో బుక్ అనే అక్షరాల్ని తారుమారు చేస్తే కోబో.

మన దేశంలోనూ ఆ వీధి నడిచింది. 2010లో అహ్మదాబాద్ ఇన్ఫీబీమ్ వాళ్ళు పై అనే పలక తెచ్చారు, 9,999 రూపాయలు. 2012 ఆగస్టులో కిండిల్ 6,999కి వచ్చింది. అదే ఏడాది చివర ఫ్లిప్‌కార్ట్ కూడా ఈ-పుస్తకాలు మొదలుపెట్టి, 2015 డిసెంబరులో మానేసి, ఖాతాదారుల్ని ఎవరికప్పగించిందో చెప్పుకోండి చూద్దాం. కోబోకే! తలుపు మీద ఆ కాగితం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. కాకపోతే ఇక్కడ మిగిలిన పెద్ద షాపు కోబో కాదు, కిండిల్.

ఇక మన మాట. 2016 డిసెంబరులో కిండిల్ కొట్లో భారతీయ భాషలు పెట్టారు. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. తెలుగు లేదు. 2011 జనాభా లెక్కల్లో తెలుగు వాళ్ళం 8 కోట్ల 11 లక్షలం, గుజరాతీ వాళ్ళు ఐదున్నర కోట్లు, మలయాళీలు మూడున్నర కోట్లు. మనకంటే ఎక్కువమంది ఉన్న బెంగాలీ కూడా ఆ జాబితాలో లేదు కాబట్టి మనమీద ప్రత్యేకమైన పగేం కాదనుకోండి. మన లిపిలో ఒత్తులు కష్టమంటారు కొందరు. మలయాళం అక్షరాలు ఎప్పుడైనా చూశారా వాళ్ళు?

ఈ మాటే నా స్నేహితురాలితో అంటే, "ముందు మనం కొంటేగా" అంది. నోరు మూతపడింది నాకు. వాట్సాప్ గ్రూపుల్లో నవలల పీడీఎఫ్‌లు తిరుగుతుంటాయి చూడండి, "ఎవరికైనా ఫలానా నవల కావాలా" అని. నేనూ తీసుకున్నాను. ఇంకొకరికి పంపాను కూడా. బీఏ తెలుగు చదివి, కృష్ణాపత్రిక పుట్టిన ఊళ్ళో ఉంటూ చేసిన పనది. అలమర్లో చోటు దండగ అన్నాయన అప్పుడు నన్ను చూసే అన్నాడేమో.

అయినా మన పుస్తకాలకి కొట్టు అసలు లేదనడం తప్పు. పదిహేనేళ్ళ కిందటే కినిగె వచ్చింది. తెలుగు పుస్తకాలు కొనుక్కునే వీలుండేది, అద్దెకీ తీసుకునే వీలుండేది! అమ్మకి చెప్తే నవ్వింది, "గుడివాడ షాపు కంప్యూటర్లో పెట్టారా" అని. నేనూ అప్పట్లో ఓ నాలుగైదు కొని కంప్యూటర్లో చదివాను. తర్వాత ఆ కంప్యూటరే పోయింది. ఎవరూ దొంగ కాపీలు తీయకుండా ఆ పుస్తకాలకి అడోబీ వాళ్ళ తాళం వేసేవారు. ఇక్కడుంది చూడండి మెలిక. ఆ తాళం సోనీ పలకలో తెరుచుకునేది. నూక్‌లో, కోబోలో కూడా. కిండిల్‌లో తెరుచుకోదు, దాని తాళం దానిదే. మన పుస్తకాల తాళం పట్టే పలకలేమో మన ఊళ్ళల్లో దొరకవు, దొరికే పలకలో మన తాళం తిరగదు. అమెరికాలోనూ జపాన్లోనూ ఎవరో ఓడిపోతే దివిసీమలో మా అమ్మకేం అనుకుంటాం. ఇదీ.

పోనీ తాళం లేని పీడీఎఫ్‌లు వేసుకుంటే? పాత పుస్తకాలు స్కాన్ చేసినవి నెట్లో బోలెడున్నాయి. మా అమ్మాయి పలకలో ఒకటి వేసి చూశాం. పేజీ పేజీ మొత్తం ఆ ఆరంగుళాల తెరలో సర్దుకుని కూర్చుంది, అక్షరాలు చీమల బారు. పెద్దది చేస్తే సగం వరస తెర దాటిపోతుంది. అది బొమ్మ కదా, అక్షరం కాదు. ఫోటోలో మనిషిని దగ్గరికి జరగమంటే జరుగుతాడా?

కొత్త పుస్తకాలైనా మెరుగేమో అనుకుంటే, డీటీపీ చేసే మా మరిది అసలు సంగతి చెప్పాడు. మన పుస్తకాలు చాలావరకు పేజ్‌మేకర్లో, అను ఫాంట్లలో కొట్టి అచ్చుకిస్తారట. ఆ ఫాంటులో 'క' మన కంటికే 'క'. కంప్యూటర్ లోపల అదేదో ఇంగ్లీషు గుర్తు. పలక అర్థం చేసుకుని పెద్దది చేయాలంటే యూనికోడ్‌లోకి మార్చాలి, మార్చాక ఒత్తులూ గుడులూ ఎక్కడ తప్పాయో మనిషి కూర్చుని దిద్దాలి. "వదినా, ఆ దిద్దే కూలి ఎవడిస్తాడు? ఐదొందల కాపీలు అమ్మడానికే ప్రచురణకర్తకి ప్రాణం మీదకొస్తోంది" అన్నాడు. అంటే కొట్టువాడు తలుపు తీసినా, బస్తాలు బండికెక్కించడానికి మన దగ్గర మనుషులు లేరన్నమాట. ఈ రెండింట్లో ఏది ముందో నాకు తెగలేదు.

ఇవన్నీ విన్నాక మా ఆయన, "పోనీ పెద్ద ట్యాబ్ కొను, అన్నీ వస్తాయి" అన్నారు. తెచ్చి చూశాం కూడా, అన్నయ్య వాళ్ళబ్బాయిది. పది నిమిషాలకి అమ్మ కళ్ళ వెంట నీళ్ళు. వెలుగు పడదు ఆవిడకి.

నేను చదివి వినిపిస్తానమ్మా అన్నాను. ఆ మాట ఇంతకుముందూ అన్నాను, వారం రోజులు చదివాను కూడా. అమ్మ ఈసారి మొహమాటం లేకుండా చెప్పేసింది. "నువ్వు చదివితే నువ్వు ఏడ్చే చోట నేనూ ఏడవాలి. నా చోటు వేరే ఉంటుందే."

ఆఖరికి కొన్నది అందరూ కొనేది కాదు. అదే కాగితంలాంటి తెర, లోపల మాత్రం ఫోనులాగా ఆండ్రాయిడ్. ఏ కొట్టువాడికీ కట్టుబడదు, ఏ యాప్ కావాలంటే అది వేసుకోవచ్చు. పేరు రాయను, ప్రకటన అనుకుంటారు. చీటీ డబ్బు చాలలేదు, సగం మా అమ్మాయి వేసింది. "రేపు పాడైతే?" అన్నారు మా ఆయన. నిజమే, బందరులో బాగుచేసేవాడు లేడు. అది ఒప్పుకునే కొన్నాం. కొట్టువాడికి కట్టుబడ్డవాళ్ళకి మాత్రం ఏం భరోసా? చైనాలో 2023 జూన్ 30న కిండిల్ పుస్తకాల కొట్టు మూసేశారు. పలకలు కొన్నవాళ్ళు కొన్నట్టే ఉన్నారు.

అందులో వేయడానికి పుస్తకాలెక్కడివంటారా? తెలుగు వికీసోర్స్ ఉంది. కాపీరైటు తీరిన పుస్తకాల్ని కొందరు ఓపికమంతులు టైపు చేసి, అక్షరం అక్షరం దిద్ది పెడుతున్నారు. ఈపబ్‌గా దించుకుంటే అక్షరాలు ఎంత పెంచితే అంత పెరుగుతాయి. మొదట కన్యాశుల్కం దించాను. అమ్మ ఐదు వరసల తెరతో నెలరోజులు చదివింది. మధ్యాహ్నం పూట గదిలోంచి ఒక్కతే నవ్వుకుంటుంటే పనమ్మాయి కంగారుపడి నన్ను పిలిచింది.

కానీ అమ్మకి కావలసినవి ఆ ట్రంకు పెట్టెలో పుస్తకాలు. అవి అక్కడ దొరకవు. రచయిత పోయాక 60 ఏళ్ళ దాకా హక్కులుంటాయి, ఉండాలి కూడా. మా మొవ్వ పక్క కాజ ఆడపడుచు యద్దనపూడి సులోచనారాణిగారు పోయింది 2018లో. అంటే 2078 దాకా. అమ్మ లెక్క కట్టి, "అప్పటికి నాకు నూట ఇరవై మూడు" అంది.

మొన్న విజయవాడ వెళ్ళినప్పుడు పాత పుస్తకాల షాపులో ఆ పెట్టెలో ఉండిన నవలల్లో ఒకటి దొరికింది. అచ్చు పుస్తకం, అట్ట చిరిగింది, లోపల అన్ని పేజీలూ ఉన్నాయి. రోజూ మధ్యాహ్నం గిన్నెలు సర్దుకున్నాక నాలుగు పేజీలు ఫోనుకి చదువుతున్నాను, అదే టైపు చేస్తుంది. కథానాయిక కళ్ళు తుడుచుకుంటే ఫోను కల్లు తుడుచుకుందని రాస్తుంది. అవన్నీ దిద్దేసరికి నాలుగున్నరవుతుంది, పాలు కాచే టైము. అమ్మ ఒక్కదాని కోసమే చేస్తున్నాను, ఎవరికీ పంపను, దయచేసి అడక్కండి.

రాత్రి దోమతెరలో పలక పట్టుకుని ఆ నాలుగు పేజీలూ చదువుతుంది. పది నిమిషాల కథ గంట పడుతుంది. అయిపోయాక అక్కణ్ణించే కేకేస్తుంది, "ఏమే, తరువాయి రేపేనా?" అని. వారపత్రిక కోసం పోస్టుమాన్‌ని ఎలా వేధించేదో నాకిప్పుడు తెలుస్తోంది.

నిన్న మా అమ్మాయి వీడియోకాల్ చేస్తే అడిగింది. "ఇవన్నీ పోవు కదా? ఆ కొట్టాయనెవరో కొట్టేసుకుంటే?"

"కొట్టాయన లేడు అమ్మమ్మా. పలకలో ఒకటి, అమ్మ ఫోన్లో ఒకటి, హైదరాబాద్‌లో నా దగ్గర ఒకటి ఉన్నాయి."

అమ్మ కాసేపు ఆలోచించింది.

"సరే. హైదరాబాదుకి ఉప్పెన రాదులే."